ఆయన్ని దయ్యం చేసిన వానాకాలం

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయకపోయినా నష్టం లేదు. ఆ రోజుల్లో తెలుగువాళ్ల ఇళ్లలో సగం గోడల మీద ఆయనే ఉండేవాడు. మిగతా సగం గోడల మీద సున్నం కూడా ఉండేది కాదు. అంతటి హీరోను నేను ఒక వానాకాలంలో, జొన్నచేనులో, కోడిని గంప కింద కమ్మినంత సులువుగా దయ్యాన్ని చేశాను. చేసినందుకు ఇప్పటికీ విచారించడం లేదు. ఆ సంగతి ముందే చెబితే మీకూ నాకూ పేచీ ఉండదు.

అరవై తొమ్మిదిలో నేను పట్నంలో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో ఉండి పీయూసీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం మర్యాదకే. ప్రత్యేక తెలంగాణ కావాలని ఏడాది మొదట్లోనే పిల్లలు రోడ్డెక్కారు. నేనూ ఎక్కాను, గొంతు బొంగురుపోయేదాకా జై కొట్టాను. తర్వాత లాఠీలు వచ్చాయి, తూటాలు వచ్చాయి, పరీక్షలు మాత్రం రాలేదు. హాస్టల్ మూసేశారు. రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఆలూరు వచ్చి పడ్డాను. కాలేజీ బంద్, బస్సులు బంద్, దుకాణాలు బంద్. బంద్ కానిది నా నోరొక్కటే.

నెలలు గడిచాయి. వానలు పడ్డాయి. ఇంట్లో కూర్చుని పాత పుస్తకాల అట్టలు తిరగేస్తుంటే మా అవ్వ, అంటే మా అమ్మ, నాలుగు రోజులు చూసింది, ఐదో రోజు చేతికి ఖుర్పీ ఇచ్చింది. అది కలుపు తీసే చిన్న పనిముట్టు. చేవెళ్ల పోయే తొవ్వ పక్కన ఒక ఆసామి జొన్నచేను ఉండేది. మా వాడ ఆడవాళ్లంతా అక్కడికే కలుపుకు పోయేవాళ్లు. నేనూ పోయాను. మొదటి గంటలో జొన్న పీకి గడ్డిని వదిలాను. రెండో గంటలో రెండూ పీకాను. నాకు కలుపుగోలుతనం ఉందని హాస్టల్లో అందరూ అనేవారు. కలుపుతో మాత్రం అది పనిచేయలేదు.

కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు ఒక వరుసగా కూర్చుని, ఒక్కొక్కరు కొన్ని సాళ్లు పట్టుకుని ముందుకు జరుగుతారు. ఒకరు పట్టిన ఆ భాగాన్ని మునుము అంటారు. అందరి మునుమూ ఒక్కతీరుగా సాగాలి. వెనకబడ్డవాళ్లకు మాటలు పడతాయి. ఆ వరుసకు ఒక రివాజు ఉండేది: ఎవరైనా సినిమా చూసి వస్తే, దాన్ని మొదటినుంచి చివరిదాకా పాటలతో సహా వరుసకు చెప్పాలి. చెప్పే మనిషి మునుమును అటూ ఇటూ కూర్చున్నవాళ్లు పంచుకుని తీసేస్తారు. ఆమె ఊరికే ఖుర్పీ పట్టుకుని జరుగుతూ చెబితే చాలు. ఈ రివాజు గురించి తెలిసిన క్షణాన నాకు చదువు విలువ అర్థమైంది. పట్నంలో నేను చూసిన సినిమాలు ఆ చేను మొత్తానికి సరిపోతాయి.

నా ఎడమ పక్క పెద్దమ్మ కూర్చునేది. మా అవ్వకు అక్క వరుస. వరుస అందరికీ పెద్ద ఆమే. ఆమె ఖుర్పీ కదిలితేనే వరుస కదిలేది. పెద్దమ్మ ఇంట్లో యేసు ప్రభువు పటం కింద ఆ హీరో బొమ్మ ఉన్న క్యాలెండర్ ఉండేది. పాస్టరు గారు వచ్చి చూస్తే, తారీకుల కోసం పెట్టుకున్నానని చెప్పేది. ఆ క్యాలెండర్ నాలుగేళ్ల కిందటిది.

క్యాలెండర్ కన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఒకసారి మా ఊరి మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు మీద ఆయన కారు ఇంజను వేడెక్కి ఆగిపోయింది. అప్పుడు బాయి నుంచి బిందె ఎత్తుకుని వస్తున్నది మా పెద్దమ్మ. ఇంజనుకు సగం, ఆయనకు సగం పోసింది. ఆయన దోసిలి పట్టి తాగాడట, మూతి తుడుచుకున్నాడట, "చల్లగా ఉన్నాయమ్మా" అని నవ్వాడట. ఈ కథ మా వాడలో పుట్టిన ప్రతి పిల్లకూ పాలతో పాటు పట్టేవాళ్లు. నాకూ పట్టారు.

నేను మొదట చెప్పింది మొయినాబాద్ డేరా టాకీసులో ఎండాకాలంలో చూసిన దయ్యం సినిమా. పాడుబడ్డ దొరల గడి, అందులో ఒక మంత్రగాడి దయ్యం, ఎర్ర కళ్లు, కోరలు, ఒక చిన్న హీరో వచ్చి దాన్ని నిప్పుల్లో వేసి చంపడం. మూడు రోజులు చెప్పాను. కోరలు వచ్చిన చోట గొంతు తగ్గించాను, పాటలు వచ్చిన చోట మాత్రం పెద్దమ్మే బతిమాలి ఆపించింది. మూడో రోజు పొద్దు గుంకే వేళకు దయ్యం బూడిదైంది. సినిమా అయిపోయింది. చేనులో సగం కలుపు మిగిలే ఉంది.

"మల్ల?" అంది పెద్దమ్మ.

ఆ ఒక్క మాటకు లొంగిపోయాను. పట్నం సినిమాలు ఇంకా ఉన్నాయి గాని, దయ్యం తర్వాత అవి వరుసకు చప్పగా ఉంటాయి; వినేవాళ్లు లేకపోతే రేపటి నుంచి నా మునుము నేనే తీయాలి. రెండో భాగం ఉన్నదన్నాను. పట్నంలో ఆడుతున్నదని కూడా అన్నాను. ఆ రెండో అబద్ధం అనవసరం, కానీ ఒంటి అబద్ధం నిలవదని తోడు ఇచ్చాను.

ఆ రాత్రి నిజంగా ఆలోచించాను. బూడిదైన దయ్యం మళ్లీ లేచి వస్తే ఏ మొహంతో రావాలి? ఎర్ర కళ్లు, కోరలు ఉన్న దయ్యాన్ని చూడగానే పారిపోవచ్చు. పారిపోవడానికి వీలున్న దయ్యం ఏం దయ్యం? తలుపు తట్టగానే మనమే పరుగున పోయి గొళ్లెం తీసే మొహం కావాలి. అట్లాంటి మొహం నాకు తెలిసినంతలో ఒక్కటే. నాలుగేళ్లుగా తారీకులు తప్పు చూపిస్తూ పెద్దమ్మ గోడ మీద నవ్వుతున్నది.

మరునాడు మొదలుపెట్టాను. మిట్టమధ్యాహ్నం ఒక ఊరికి తెల్ల బట్టల మనిషి వస్తాడు. గడప ముందు నిలబడి దోసిలి పడతాడు. నీళ్లు అడుగుతాడు. ఆ నవ్వు చూసి ఎవరూ లేదనలేరు. పోసిన నీళ్లు తాగి, చల్లగా ఉన్నాయని చెప్పి వెళ్లిపోతాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే నీళ్లు పోసిన మనిషి గొంతు పోతుంది. ఎంత అరిచినా గాలే వస్తుంది. ఆ గొంతు ఆయన దగ్గర ఉంటుంది. పక్కింటి ముందు నిలబడి, అచ్చం ఆ మనిషి గొంతుతోనే, "ఓ చెల్లే, జర తలుపు తియ్యి" అంటాడు.

వరుస మొత్తం ఆగిపోయింది. ఖుర్పీలు నేలలో దిగినవి దిగినట్టే ఉన్నాయి. ఎవరో అడిగారు, ఆ వేషం ఎవరు వేశారని. నేను పేరు చెప్పాను.

పెద్దమ్మ మళ్లీ కలుపులోకి వంగింది. ఆ రోజంతా నా మునుము కూడా తీసింది. అయితే ఒక్కసారి కూడా నా దిక్కు చూడలేదు. నా మీద కాదు, ఆయన మీద కోపగించుకున్నదని తర్వాత తెలిసింది. అంత పేరున్న మనిషి ఎవరి మాట విని ఈ పాడు వేషం ఒప్పుకున్నాడని ఇంటికి పోయి మా అవ్వతో బాధపడిందట. నీళ్ల సంగతి సినిమావాళ్లకు ఆయనే చెప్పి ఉంటాడని, తన బిందె నీళ్లతోనే తనను దయ్యానికి దొరికిన మనిషిని చేశాడని అనుకుంది. చూడని సినిమాను ఎవరైనా చెబుతారని ఆమెకు తోచలేదు. ఆ వరుసలో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు కాబట్టి తోచే అవకాశమూ లేదు.

ఆదివారం చర్చి కాగానే పెద్దమ్మ మొయినాబాద్ పోయింది, అక్కడున్న తన అక్కను చూసి వస్తానని. చూసింది డేరా టాకీసు టికెట్ల మనిషిని. రెండో భాగం మీ దగ్గరికి ఎప్పుడొస్తదని అడిగింది. ఏ రెండో భాగం అన్నాడతను. ఈమె కథంతా చెప్పింది. ఆయన దయ్యం వేషం వేస్తే డేరా తగలబెట్టరా అని అతను నవ్వాడు. అంత మంచి కథ ఎవరు చెప్పారని కూడా అడిగాడట. ఈ చివరి ముక్క పెద్దమ్మ నాకు చెప్పలేదు. మా అవ్వ ద్వారా తెలిసింది. నాకు దక్కిన మొదటి సమీక్ష అదే.

సోమవారం వరుసలో కూర్చోగానే పెద్దమ్మ నేలవైపు చూస్తూ చెప్పింది, అందరికీ వినబడేట్టు.

"గీ పిల్ల చెప్పేది సిన్మ గాదు. దీని కడుపుల కెల్లి తీసి చెప్తున్నది. గాయన నా చేతి నీళ్లు తాగిండు. నన్ను అమ్మా అన్నడు. ఆయన మీదికెల్లి దయ్యాన్ని తీసి ఇంకెవ్వనికన్న పెట్టు బిడ్డా, అప్పుడు నీ మునుం పడ్త."

నిజమే, అబద్ధమాడాను. ఆ అబద్ధానికి వరుస ముందే చెంపలు వేసుకున్నాను, పట్నంలో ఏ రెండో భాగమూ లేదని చెప్పాను. అంతవరకూ నాది తప్పు. కానీ దయ్యం మాట వేరు. ఆయన బదులు ఇంకెవరినో పెడితే ఆ గడపలో ఎవరూ నీళ్లు పోయరు. పోయకపోతే కథ లేదు. అదంతా సరిగ్గా చెప్పే తెలివి అప్పుడు లేదు. నోటికి వచ్చింది మాత్రం చెప్పాను.

"ఆయన్నే ఉంచుత పెద్దమ్మా. నా మునుం నేనే తీసుకుంట."

తీసుకోవడం అంటే ఎట్లాంటిదో ఆ రోజు తెలిసింది. పొద్దెక్కేసరికి వరుస ఎక్కడో ముందుంది, నేను వెనక ఒంటరిగా ఉన్నాను. అరచేతిలో బొబ్బలు లేచాయి. మా అవ్వ వెనక్కి వచ్చి పట్టబోతే వద్దన్నాను. మనం దేవుని బిడ్డలం, ఈ దయ్యాల బాధ మనకెందుకు, పెద్దమ్మ కాళ్ల మీద పడి ఇంకో పేరు చెప్పరాదా అని అవ్వ గొణిగింది. పేరు మార్చడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. మా తాత దేవుణ్ణి మార్చుకున్నప్పుడు తన పేరు కూడా మార్చుకున్నాడు. అయినా ఆ ఒక్క పేరు మార్చబుద్ధి కాలేదు. వెనకనుంచే, గాలి అటు వీస్తున్నప్పుడు, గట్టిగా కథ చెప్పాను. వరుసలో ఎవరూ తల తిప్పలేదు. వినలేదని మాత్రం అనలేను. దయ్యం ఊళ్లో మూడో ఇంటి గొంతు తీసుకున్నప్పుడు రెండు ఖుర్పీల చప్పుడు ఆగింది.

ఈ గొడవ చేవెళ్ల దాకా పోయింది. మా చిన్నాయన కొడుకు, నాకు అన్న, అక్కడ బస్సులు ఆగే చోట ఉద్యమం డేరా నడుపుతున్నాడు. రోజుకు నలుగురు చొప్పున దీక్షలో కూర్చునేవాళ్లు. పాటలు, ఉపన్యాసాలు, ఒక అద్దె మైకు. బుధవారం అన్న సైకిలేసుకుని చేనుకే వచ్చాడు. ఆయన మొహం వెలిగిపోతున్నది. కోస్తా హీరోను దయ్యం చేసిన ఆడపిల్ల మా ఇంట్లోనే పుట్టిందని ఆయనకు గర్వంగా ఉంది. గొంతులు ఎత్తుకుపోవడం అన్నది మరీ నచ్చింది. మన ఉద్యోగాలు, మన నీళ్లు, మన గొంతు ఎట్లా పోతున్నాయో ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదన్నాడు. నేను అంత ఆలోచించలేదని చెప్పడానికి సిగ్గేసింది. మూడు రోజులుగా వీపులకే కథ చెబుతున్నదానికి మైకు ఇస్తామంటే ఎవరు కాదంటారు? మరునాడే పోయాను.

డేరాలో జనం బాగానే ఉన్నారు. ఆ రోజు దీక్షలో అన్న కూడా ఉన్నాడు, మెడలో బంతిపూల దండతో. నేను మైకు ముందుకు పోబోతుంటే పక్కకు పిలిచాడు.

"చెల్లే, ఒక్క ముచ్చట. దయ్యంతోని 'ఏమండీ, కాసిన్ని నీళ్లిస్తారాండీ' అనిపియ్యి. ఆఖర్ల వాని మొఖం ఊడదీస్తే లోపట సర్కార్లోడు అని తెల్వాలె. జనం సీటీలు కొడ్తరు సూడు."

సర్కార్లోడంటే కోస్తా జిల్లాలవాడు. ఆ మాట వింటే జనం ఈలలు వేస్తారు. నాకూ తెలుసు. ఆ యాసను హాస్టల్లో నేను బాగా పట్టుకునేదాన్ని కూడా; అడిగితే ఇప్పటికీ పట్టగలను. కానీ నా దయ్యం ఎవరి ఊరికి పోతే వాళ్ల గొంతుతోనే పిలుస్తుంది కదా. దానికి సొంత యాస ఉంటే పక్కింటి తలుపు ఎవరు తీస్తారు? పెద్దమ్మ ఆయన మొహం మీది దయ్యాన్ని తీయమంది, అన్న దయ్యం మొహం తీసి ఒక ఊరి పేరు పెట్టమంటున్నాడు. ఇద్దరికీ నా దయ్యం కుదురుగా కనబడలేదు. ఇక్కడివాడినని తహసీలు కచేరీలో రాయించుకునే ముల్కీ కాగితం కోసమే కదా ఆ ఏడాది అన్ని గొడవలూ. అదే నోటికి వచ్చింది.

"నా దయ్యానికి ముల్కీ సర్టిఫికెట్ లేదన్నా. యాడోడో రాసిచ్చెటందుకు నేను తహసీల్దార్ను గాను."

అన్న నవ్వాడు, జోకు అనుకున్నాడు. నేను మైకు దగ్గరికి పోయి కథ మొదలుపెట్టాను. దోసిలి, నవ్వు, చల్లటి నీళ్లు. జనం ఊపిరి బిగబట్టారు. వీపులకు చెప్పీ చెప్పీ ఉన్నాను కదా, అన్ని మొహాలు ఒక్కసారి నా దిక్కు తిరిగేసరికి నాకు కాస్త ఎక్కింది. దయ్యాన్ని ఊళ్లలో తిప్పీ తిప్పీ సరాసరి చేవెళ్లకే తెచ్చాను. బస్సులు ఆగే చోట దించాను. అక్కడ జనం దాని నవ్వు చూసి మురిసిపోయి మెడలో దండ వేశారన్నాను. దండ పడ్డాక దాని దగ్గర అప్పటిదాకా చేరిన గొంతులన్నీ కలిపి ఒక్క గొంతుగా మైకులో మాట్లాడిందన్నాను. ఎంత బాగా మాట్లాడిందంటే, ఎవరి గొంతు వాళ్లకు మళ్లీ దొరికినట్టే అనిపించిందట. ఇంటికి పోయి నోరు తెరిస్తే గాని ఇంకా గాలే వస్తున్నదని తెలియలేదట.

డేరాలో ఎవరూ సీటీ కొట్టలేదు. కొందరు మొహాలు చూసుకున్నారు. ఒకరిద్దరి కళ్లు అన్న మెడలోని దండ మీదికి పోయాయి. ఆయన్ని అనాలని అనలేదు. ఆయన మంచివాడు, ఆ ఉద్యమంలో దెబ్బలు తిన్నవాడు. కథ అటు పోయింది, నేను వెనక పోయాను. కానీ ఒకసారి పోయాక వెనక్కి లాగలేదు.

అన్న లేచి వచ్చి మైకు తీసుకున్నాడు. నువ్వు ఎవరి దిక్కు అని మెల్లగా అడిగాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నీ దిక్కేనన్నా. ఆ దయ్యమే ఎవ్వరి దిక్కు గాదు."

ఇంకెప్పుడూ మైకు ముట్టొద్దన్నాడు. ముట్టనన్నాను. అయినా డేరాలోంచి లేచి పోలేదు. సాయంత్రం దాకా అక్కడే కింద కూర్చుని, అందరితో పాటు జై కొట్టాను, మామూలు కన్నా గట్టిగా. ఆ ఉద్యమం నాది. నా ఏడాది చదువు అందులో పోయింది, దాన్ని ఎవరికీ వదులుకోను. దయ్యం కూడా నాదే. రెండూ ఒక్కటే అని ఒప్పుకోమంటే మాత్రం ఒప్పుకోను.

శుక్రవారం చేనుకు పోయేసరికి సంగతంతా అక్కడికి ముందే చేరి ఉంది. పెద్దమ్మ ఎప్పటిలాగే వరుస తల దగ్గర కూర్చుంది. నేను నా మునుము పట్టాను. కథ ఆపేసి పని చేసుకుంటే అవ్వకు మనశ్శాంతి, నా చేతులకు కూడా. కానీ ఆపితే ఓడిపోయినట్టే. దయ్యం చేవెళ్లలో దండ వేయించుకుని షాబాద్ దారి పట్టిందని మొదలుపెట్టాను, ఖుర్పీ ఆపకుండానే.

కొంతసేపయ్యాక తల ఎత్తి చూస్తే ఒక వింత కనబడింది. నా మునుము ఎవరూ ముట్టలేదు. నా గడ్డి నాకే ఉంది, నా బొబ్బలు నాకే ఉన్నాయి. కానీ వరుస నన్ను దాటి పోలేదు. పెద్దమ్మ ఒక్కో గడ్డిపోచను వేళ్లతో ఎంచి ఎంచి తీస్తున్నది. ఆమె కదలనిదే వరుస కదలదు. జొన్న మొక్క చుట్టూ లేని కలుపు కోసం వెతుకుతూ ఇంత పెద్ద పనిమంతురాలు నా వేగానికి వచ్చింది. అది ఎంత తక్కువ వేగమో అందరికీ తెలుసు. గట్టు మీద నిలబడ్డ ఆసామి మనిషి ఇవ్వాళ ఏమైందని కేకేస్తే, నేల గట్టిగున్నదని పెద్దమ్మే జవాబిచ్చింది. రాత్రి వాన పడి నేల వెన్నలా ఉంది.

నేను గుక్క తిప్పుకోవడానికి ఆగాను. పెద్దమ్మ గడ్డి దులుపుతూ, నా దిక్కు చూడకుండా, "నేనైతే నమ్మ" అంది. కొంచెమాగి, "షాబాద్‌ల గడప ముంగట ఎవరు నిలవడ్డరన్నవ్?" అంది.

పేరు ఆమెకు ముందే వినబడిందని నాకు తెలుసు. వరుస మొత్తానికి తెలుసు. వేరే పేరు చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఒక్క మాటలో నా మునుము నలుగురూ పంచుకునేవాళ్లు. నేను ఆయన పేరే చెప్పాను. అభిమానులు పేరుకు ముందు తగిలించే బిరుదుతో సహా, నిండుగా చెప్పాను.

పెద్దమ్మ ఖుర్పీ ఒక్క క్షణం ఆగింది. తర్వాత మట్టిలో దిగింది.

"ఊఁ" అంది.